రాయి గురించి ఒక్క అబద్ధం

ముందు నూట ఇరవై నంబరు, తర్వాత నూట ఎనభై, దాని వెనక రెండు వందల నలభై, ఆఖరున మూడు వందల ఇరవై. నాలుగు ఉప్పుకాగితాలనూ సింకు పక్కన వరసగా పేర్చుకున్నాను, గరుకువాడు ముందు, నునుపువాడు వెనక, పంక్తిలో కూర్చోబెట్టినట్టు. మూడు గంటలైంది. శనివారం ఒంటిపూట బడి ముగించుకుని వచ్చిన మా మాధవి హాల్లో చాప మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను గీసే చప్పుడు ఇక్కడికి వినబడుతోందంటే నా కోతల్లో అదొకటి అనుకోండి, కానీ వినబడుతోంది. నా ముందు ఈ తెల్లటి వంటగట్టు, దాని మీద గిన్నె అడుగంత గుండ్రంగా మచ్చ, ఒక పక్క తేనె రంగు, ఒక పక్క మాడిన అప్పడం రంగు. గంటలో దీన్ని పోగొడతాను, అది నాకు పెద్ద పని కాదు. పోగొట్టేలోపల మాధవికి ఒక మాట చెప్పాలి, అది పెద్ద పని. ఇది మీ అమ్మ మరిచిపోయి చేసింది కాదమ్మా, మీ అమ్మ ఏదీ మరిచిపోలేదు, నా మాట నమ్మి చేసింది. ఇంతే. ఎక్కడ నలుగురు కూర్చున్నా గంటల తరబడి నోరు మూయని గురప్పకు ఈ నాలుగు ముక్కలూ మూడు నెలలుగా గొంతు దాటి రావడం లేదు. మచ్చ ఉండగానే చెప్పాలి. వేలు పెట్టి చూపించి చెప్పాలి. అది ఉంటే సాక్షి ఉన్నట్టు.

నీళ్లు చిలకరించి నూట ఇరవైతో మొదలుపెట్టాను. అరచేతి బరువు మాత్రమే వేసి, గుండ్రంగా, మచ్చ దాటి జానెడు బయటిదాకా. మచ్చ ఉన్నచోటే రుద్దితే అక్కడ గుంట పడుతుంది, ఆ గుంటలో నీళ్లు నిలిచి రోజూ ఇంకో మచ్చలా కనిపిస్తుంది. ఇది నాకు మనిషెవడూ నేర్పలేదు, రాయి నేర్పింది. శాంతిపురం దగ్గర రాళ్ల షెడ్డులో నలభై ఏళ్లు బండలకు మెరుగు పెట్టాను, నంబరు మార్చి నంబరు, కాళ్ల కింద నీళ్లు పారుతుంటే, ఊపిరితిత్తుల్లో సగం కొండ చేరేదాకా. ఎక్స్‌రే చూసిన డాక్టరు, నీ గుండెకాయ చుట్టూ ఉన్నదాన్ని కొలిచి గనుల శాఖకు రాయాలప్పా అన్నాడు. అనలేదు లెండి, అన్నాడని నేను మా ఆవిడ వసంతమ్మతో చెప్పాను. అలాంటివి ఆమెకు ఎన్ని చెప్పానో. నేను మెరుగు పెట్టిన బండలో తన నీడ చూసుకుని ఒక కోడిపుంజు మూడు రోజులు పోట్లాడిందని, నాలుగో రోజు నీడే గెలిచిందని చెప్పాను. వాళ్ల పుంగనూరు పొట్టి ఆవును చొక్కా జేబులో పెట్టుకుని కుప్పంలో బెంగళూరు రైలెక్కితే, టికెట్ కలెక్టరు జేబు తడిమి, ఇది అరిస్తే అర టికెట్, అరవకపోతే లగేజీ అన్నాడని చెప్పాను. “యోవ్, పాలు గూడా జేబులోనే పిండుకున్న్యావా?” అనేది, ఉల్లిగడ్డ తరుగుతూ, తల ఎత్తకుండా. నలభై ఆరేళ్ల కాపురంలో నా కథ ఒక్కటీ నమ్మలేదు మహాతల్లి. నమ్మకపోవడం ఆమె సరదా, అయినా మళ్లీ చెప్పడం నా సరదా.

ఒక్క రాయి విషయంలో తప్ప. పుంగనూరులో వాళ్ల అన్న మునిచంద్ర ఇల్లు కట్టినప్పుడు గడప ముందుకు మూడు బండలు తెప్పించాడు, మూడూ నల్లగా నిగనిగలాడుతూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. వసంతమ్మ నడుముకు కొంగు చుట్టి అడ్డం నిలబడింది. “మా ఆయన తట్టి సెప్పినాంకనే దించండి” అంది. నేను తట్టాను. మొదటిది గంటలా పలికింది, రెండోది కూడా. మూడోది పలికి మధ్యలో నాలుక కరుచుకుంది. అది వద్దన్నాను. వద్దన్న బండను పక్కింటివాళ్లు తీసుకున్నారు, తొలి వానకే అది మూలనుంచి మూలకు చీలింది. ఆ రోజునుంచి ఆమెకు ఒక లెక్క కుదిరిపోయింది. ఎవరొచ్చినా చెప్పేది, “మా ఆయన నోట్లో నిజం రాయి గురించి ఒక్కటే వస్తాది, మిగతాదంతా ఆయన కడుపులో పుట్టి ఈడికొచ్చి పడేదే.” నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఆ మాటను ఎండలో వడియాల్లా జాగ్రత్తగా పెట్టుకునేవాణ్ణి. బండ మీద నీళ్లు పోసినప్పుడల్లా ఒకసారి తీసి చూసుకునేవాణ్ణి. ఏమీ చదువుకోనివాడికి, రామసముద్రం పక్కన పల్లెలో ఐదో తరగతితో పలక పగలగొట్టినవాడికి, ఇంతకంటే పెద్ద పట్టా ఏముంటుంది.

తెల్లటి గుజ్జు వస్తోంది, ముగ్గుపిండి కలిపినట్టు. రాయి గుజ్జు ఇలా ఉండదు, అది వేళ్ల మధ్య కరకరలాడుతుంది, చల్లగా ఉంటుంది. ఇది మెత్తగా, వెచ్చగా, పసిబిడ్డ బుగ్గ రుద్దుతున్నట్టు ఉంది. ఇది రాయి కాదు. ఏదో పొడి, ఏదో జిగురు కలిపి పోసిన పలక. గట్టూ సింకూ అతుకు కనబడకుండా ఒకే ముక్కలా వస్తుందని, పాలలా తెల్లగా ఉంటుందని మాధవి ఏదో ఇంట్లో చూసి వచ్చి తొమ్మిదేళ్లు దీని గురించే మాట్లాడింది. అద్దె ఇళ్ల నల్లటి వంటిళ్లలో దోసెలు పోస్తూ మాట్లాడింది. చివరికి మదనపల్లెలో ఈ ఇల్లు కట్టుకున్నాక, నా ఆయాసం చూసి మమ్మల్ని కూడా ఇక్కడికే తెచ్చుకుంది. గృహప్రవేశం రోజు గట్టు బిగించినవాడు మరీమరీ చెప్పి వెళ్లాడట, పొయ్యి మీదనుంచి దించిన గిన్నె నేరుగా పెట్టొద్దమ్మా, కింద చెక్కో గుడ్డో ఉండాలి అని. మాధవి వాళ్లమ్మకు చెప్పింది. వసంతమ్మకు మింగుడు పడలేదు. మా వైపు ప్రతి ఇంట్లో వంటగట్టు అంటే నల్లబండే, మండే గిన్నె దించేది దాని మీదే, వేడికి భయపడే బండ ఆమె పుట్టి చూడలేదు. వంటింటి నిండా చుట్టాలు. ఆమె నన్ను కేకేసింది. “యోవ్, పాప ఏందో దీని మీద వేడి గిన్నె పెట్టకూడదంటాది. ఇది ఏం బండ, తట్టి సెప్పు.” మునిచంద్ర పక్కనే ఉన్నాడు. “రాళ్లకు మా బావే డాక్టరు, నాడి పట్టుకోనీండి” అన్నాడు. అందరూ జరిగి నాకు దారిచ్చారు.

తట్టాను. చెక్క తలుపు తట్టినట్టు పలికింది. అరచేయి ఆనించాను, చల్లదనం లేదు. తెలిసిపోయింది. ఇది రాయి కాదు, దీని పేరు నాకు తెలియదు, దీని గుణం నాకు తెలియదు. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు తెలీదు మే అని ఆమెతో అంటే ఏం పోయేది? చుట్టూ అన్ని మొహాలు, అన్నిటికంటే ముందు ఆమె మొహం, గడప బండల రోజున ఉన్నట్టే గర్వంగా, కొంచెం పక్కకు వాల్చి. ఆ మొహం ముందు తెలీదనే మాట నాకు రాలేదు. “ఇది కొత్త రకం బండ మే. సూర్యుడు దిగొచ్చి దీని మీద కూర్సుని ఒక పూట అన్నం తిని పోయినా మచ్చ పడదు” అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. సూర్యుణ్ణి నమ్మలేదు, అన్నం తినడాన్ని నమ్మలేదు. మచ్చ పడదన్నది మాత్రం నమ్మింది, రాయి మాట కాబట్టి. మచ్చ పడదు. మచ్చ పడదు. నూట ఇరవై కాగితం అరిగిపోయి నున్నగా జారుతోంది, ఇప్పుడు నూట ఎనభై. మచ్చలో తేనె రంగు పోయింది. మాడిన నెలవంక మిగిలింది.

“నాయనా, దుమ్ము పీలుస్తాండావు. మూతికి గుడ్డ కట్టుకో” అంది మాధవి హాల్లోంచి.

“నీళ్లు పోసే రుద్దుతాండా లేమ్మా” అన్నాను. ఇప్పుడే చెప్పొచ్చు. పిలిస్తే వస్తుంది. పేపర్లు పక్కన పెట్టి వస్తుంది. పిలవలేదు. రోడ్డు మీద టమోటా లారీ ఒకటి హారన్ కొడుతూ మార్కెట్ వైపు పోయింది, అది పోయేదాకా ఆగుదామనుకున్నాను. అది పోయింది, ఇంకొకటి వచ్చింది. ఈ ఊళ్లో ఆగాలనుకునేవాడికి లారీలకు కొదవా.

గృహప్రవేశం తర్వాత వచ్చిన ఆదివారం అల్లుడి ఆఫీసువాళ్లు పదిమంది వచ్చారు. సంగటి, నాటుకోడి పులుసు కావాలన్నారు. పదిమందికి సంగటి అంటే పెద్ద గిన్నె, దాన్ని దించి రెండు చేతులా కట్టె పట్టుకుని గెలకాలి, లేకపోతే ఉండలు కడుతుంది. మా పాత ఇంట్లో ఆమె నేల మీద కూర్చుని గిన్నెను పాదాల మధ్య బిగించి గెలికేది, కుస్తీ పట్టినట్టు. ఇప్పుడు మోకాళ్లు వంగవు. పొయ్యి మీదనుంచి గిన్నె ఎత్తి ఈ తెల్లగట్టు మీద ఇక్కడ, ఇదిగో ఈ కుడిచేతి పక్కన, దభీమని పెట్టి, ఒంటి బరువంతా వేసి గెలికింది. నేను గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. పేపరు చదువుతున్నాను. పేపరు పైనుంచి చూశాను. వద్దు అనడానికి నోరు తెరిచాను, వద్దంటే అప్పుడు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది కదా, మూసుకున్నాను. ఒక్క నిమిషం. కాదు, ఇంకా ఎక్కువ. ఆమె సంగటి గెలికినంతసేపూ. తర్వాత ప్లాస్టిక్ గాజు కాలిన వాసన. గిన్నె ఎత్తితే కింద ఈ గుండ్రం, అంచున పొంగి, పొక్కి. మాధవి పరుగెత్తుకొచ్చింది. “అమ్మా! ఎన్ని తూర్లు సెప్పినానమ్మా నీకు!” అని అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది, తొమ్మిదేళ్ల ఏడుపు. వసంతమ్మ మచ్చను చూసింది. నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉందా అని ఇన్నాళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు. నోరు మెదపొద్దు అన్నట్టు కనుబొమ్మ కొంచెం ఎత్తింది. కూతురి వైపు తిరిగి, “మరిచిపోయినామ్మా” అంది.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే అడిగాను, యాల అట్ల సెప్పినావని. “అల్లుడింట్లో ఉండాము. ముసిల్ది మరిచిపోయిందంటే మరిచిపోయిందంటారు, అంతే. మామ కోతలు కోసి కొత్త గట్టు కాల్పించినాడంటే రేపు అల్లుని ముందర నువ్వు తల ఎత్తుకుని కూర్సుని తింటావా? నోరు మూసుకుని ఆ దుప్పటి కొస పట్టుకో.” పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు లాగి మడత పెట్టాం. ఆమెకు తెలియదు, నాకూ తెలియదు, ఆ ఒక్క మాట ఎంత దూరం పోతుందో. మరిచిపోయినా అన్నది కదా, మరుసటి రోజునుంచి ఆమె ఏం చేసినా అందులో మరుపు వెతకడం మొదలైంది. ఉప్పు ఎక్కువైతే, అమ్మ రెండు సార్లు వేసింది. తాళంచెవి కనబడకపోతే, అమ్మ ఎక్కడో పెట్టింది. మా మాధవి చెడ్డది కాదు, దానికి భయం. బళ్లో తోటి టీచరమ్మ వాళ్ల అత్త అలాగే గిన్నెలు మాడుస్తూ మాడుస్తూ చివరికి ఇంటి దారే మరిచిపోయిందట. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి అడిగాడు. వసంతమ్మ మూడూ చెప్పి, “మీ సొక్కా రెండో గుండీ ఊడిపోయింది, దాన్ని గూడా గుర్తు పెట్టుకోమంటారా?” అంది. ఆయన నవ్వి, వయసులో కొంచెం ఉంటుందమ్మా, చూసుకోండి అని బలానికి మాత్రలు రాశాడు. ఆ కొంచెం ఉంటుందన్నది మాధవికి చాలింది. పొయ్యి దగ్గరికి వెళ్లొద్దంది. వంటకు ఒకామెను పెట్టింది.

పదకొండు నెలలు. సంగటి కట్టె పట్టుకున్న చేతులు హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీశాయి. వంటామె కూర పోపు మాడిస్తే వాసనకే ఆమె సగం లేచేది, మళ్లీ కూర్చునేది. పుంగనూరులో మునిచంద్ర మనవరాలి పెళ్లికి వెళ్తే మాధవి అందరికీ ఫోన్లు చేసి, అమ్మను ఒంటిగా వదలొద్దని చెప్పింది. పుట్టిన ఊళ్లో, కళ్లు మూసుకుని తిరిగే వీధుల్లో, ఆమె వెనక ఎవరో ఒకరు నడిచారు. అక్కడే ఆమె తన సంచిలో మడిచి పెట్టిన చీటీ చూసింది. మాధవి చేతిరాత. కూడబలుక్కుని చదివింది, పేరు వసంతమ్మ, తప్పిపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి. “యోవ్, నేను తప్పిపోతే పట్టుకొచ్చి మళ్లా నీకే అప్పజెప్తారంట, ఇంతకంటే పెద్ద శిక్ష యాడుంటాది” అని నవ్వింది. నేను నవ్వలేదు. నేను పోయి సెప్పేస్తా మే అన్నాను. “ఇప్పుడు సెప్తే పాప ఇంకా కుమిలిపోతాది, అమ్మను ఊరికే ఇన్ని దినాలు కూర్సోబెట్టినానే అని. పోనీలే” అంది. చీటీని పారేయలేదు. మడిచి సంచిలోనే పెట్టుకుంది.

రెండు వందల నలభై. ఇప్పుడు నెలవంక కూడా లేదు, అంచు పొక్కిన చోట వెంట్రుకంత గీత మాత్రం. చేయి ఆపాలి. చేయి ఆగడం లేదు. నలభై ఏళ్లు అలవాటైన చేయి, మచ్చ కనబడితే పోగొట్టేదాకా నా మాట వినదు. మాధవి సోమవారం బెంగళూరునుంచి మనిషిని పిలిపించి ఈ ముక్క కోసి కొత్త ముక్క అతికిస్తానంది, చూడలేకపోతున్నా నాయనా అంది. కోయాల్సిన పని లేదు, లోతుగా దిగలేదు, నేను చేస్తానన్నాను. ఎందుకన్నానో. ఇంకొకటి ఉంది. ఇంతసేపూ రాయి గురించి ఒక్క అబద్ధం అనుకుంటూ వచ్చాను, ఒక్కటి కాదు, రెండు. మూడు నెలల కిందట ఆమె పోవడానికి వారం ముందు, మేడ మెట్ల మీద ఎండకు కూర్చుని, నా వైపు చూడకుండా అడిగింది. “యోవ్, ఒక్కటి నిజం సెప్పు. ఆ పొద్దు తట్టినప్పుడు అది రాయి కాదని నీకు తెలీలేదా?” ఏం చెప్పాలి? తెలిసే చెప్పానంటే ఆమె ఇన్నేళ్లుగా దాచుకున్న ఆ ఒక్క నమ్మకం కూడా పోతుంది. తెలియలేదంటే నా పనితనం పోతుంది. పనితనమే పోనీ అనుకున్నాను. ఆమె కోసమే అనుకున్నాను. నా కోసమేనేమో. “తెలీలేదు వసంతా” అన్నాను. ఆమె వెంటనే నమ్మింది. నా మోచేయి మీద చేయి వేసి, “ఏం పర్వాలేదు. నీకు గూడా వయసైంది కదా. యాడో ఒకతూరి తప్పుతాది” అని నన్ను ఓదార్చింది. నన్ను. ఆ వారమే ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని అదే మెట్టు మీద పక్కకు ఒరిగింది. కాఫీ ఒలకలేదు అని నేను అందరికీ చెప్పాను. ఒలికింది. చీర తడిసింది.

మూడు వందల ఇరవైతో రుద్ది, మెత్తటి పీచుతో గట్టంతా ఒకేలా సాఫు చేసి, తడిగుడ్డతో గుజ్జు తుడిచాను. తల వంచి వెలుగుకు అడ్డంగా చూశాను. ఏమీ లేదు. ఎక్కడ ఉండేదో నాకే తెలియలేదు.

“పోయిందే నాయనా!” మాధవి గుమ్మంలో ఉంది. వచ్చి అరచేత్తో గట్టును నిమిరింది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. “ఈడే కదా ఉండింది? ఈడేనా?” మళ్లీ నిమిరింది. “పోయినా బాధగానే ఉండాది నాయనా. ఆ పొద్దు అందరి ముందర అమ్మ మీద అరిచినా. పాపం, జబ్బని తెలీక అరిచినా.”

“జబ్బు కాదమ్మా” అన్నాను. “మీ అమ్మ మరిచిపోలేదు. నేను సెప్పినా మచ్చ పడదని. గృహప్రవేశం దినం తట్టి సెప్పినా. నా మాట నమ్మి పెట్టింది. నాకు మర్యాద పోతాదని మరిచిపోయినా అని తన మీద ఏసుకునింది.” వచ్చేశాయి, మూడు నెలల మాటలు, ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటూ. సూర్యుడి సంగతి చెప్పాను, కనుబొమ్మ సంగతి చెప్పాను, మేడ మీద దుప్పటి మడిచిన సంగతి చెప్పాను.

మాధవి అడిగింది, “అది రాయి కాదని నీకు తెలుసునా?”

“తెలుసు. తట్టినప్పుడే తెలిసింది.”

“తెలిసీ సెప్పినావా?”

“సెప్పినా.”

నా మొహంలోకి చూసింది. తిట్టు తల్లీ అనుకున్నాను. ఈ గట్టుకేసి నా తల కొట్టు అనుకున్నాను. దాని పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది, వాళ్లమ్మ పెదవే. కళ్లలో నీళ్లతో నవ్వింది. కొంగుతో నా కనుబొమ్మల మీద తెల్లపొడి తుడిచింది. “నాయనా, నువ్వు రాయి గురించి అబద్ధం సెప్తావా? అమ్మ అన్ని కథలూ కొట్టిపారేసేది గానీ, రాయి మాట ఒక్కటే నమ్మేది. నాకు తెలీదా? అమ్మ మీద మాట ఉండకూడదని ఇప్పుడు ఇదంతా కడతాండావు.”

“లేదమ్మా. దేవుని తోడు.”

“నీ కతలన్నిటికీ దేవుని తోడే కదా నాయనా. డాక్టరు గూడా సూసినాడు కదా. ఎవురేం జేస్తారు దానికి. రా, కాళ్లు కడుక్కో, టీ పెడతా.” నా భుజం మీద చేయి వేసి, చిన్నపిల్లవాణ్ణి చేసినట్టు రెండుసార్లు తట్టింది.

కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అది పొయ్యి దగ్గర నిలబడి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని, పని మీద కుప్పం పోయిన అల్లుడితో మాట్లాడుతోంది. మచ్చ పోయిన సంగతి చెప్పింది. తర్వాత, “ఇను, మా నాయన అమ్మ కోసరం ఇంకో కత కట్టినాడు, ఇంటే ఏడుస్తావు” అని మొదలుపెట్టింది. అది నా కూతురు, చెప్పడం దానికి ఎవరూ నేర్పనక్కరలేదు. నేను తట్టడం చెప్పింది. సూర్యుడు దిగి వచ్చి అన్నం తినడం చెప్పింది. అమ్మ కనుబొమ్మ ఎత్తడం చెప్పి కాసేపు ఆగింది, ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడే. దుప్పటి చెరోవైపు లాగి మడత పెట్టడం చెప్పింది. తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి మొదటినుంచి చివరిదాకా విన్నాను. మాధవి ఒక్క మాట కలపలేదు. ఒక్క మాట వదలలేదు. అవతల అల్లుడు నవ్వుతున్న చప్పుడు నాకు వినబడింది.